ఇంటనే కొలువు
కోడుమూరు చేనేతవారికి ఇల్లే పనిచోటు. మగ్గము ఇంటనే ఉన్నను, నేసిన చీర నేతవాని నేర్పును తానే చాటును. 2020 మార్చి మొదలు ఇంటినుండి పనిచేయ నారంభించిన కార్యాలయోద్యోగుల స్థితి అట్టిది కాదు. వారి శ్రమ కంటికి కనబడదు. తోటివారి పలకరింపు కూడ దూరమగును.

చైనాలో సీట్రిప్ అను ప్రయాణ సంస్థ 2010–11లో తొమ్మిది నెలలు పరీక్షింపగా, ఇంట పనిచేసినవారి పని 13 శాతము హెచ్చినది. అయినను, అంతే పని చూపిన కార్యాలయమువారికంటె వారికి పదోన్నతులు తక్కువగా లభించినవి. వారమునకు రెండు దినములు మాత్రమే ఇంట ఉండనిచ్చి ఆ సంస్థలోనే జరిపిన మరొక పరీక్షలో అట్టి నష్టము కానరాలేదని 2024లో వెల్లడియైనది.

కనుక ఇంటి కొలువు చేయు శ్రోతలకు మా మనవి యిది: చేసిన పనిని అధికారులకు ఎప్పటికప్పుడు తెలుపుడు, తోటివారిని అప్పుడప్పుడు ముఖాముఖి కలిసికొనుడు.