చీము ఆగితే ఎముక నయమైనట్టు కాదు

రెండేళ్ల కిందట బండి మీంచి పడ్డారు. కాలి ఎముక విరిగితే రాడ్ వేశారు, అతుక్కుంది. కానీ కుట్ల పక్కన చిన్న రంధ్రం మిగిలిపోయింది. నాలుగు రోజులు చీము కారుతుంది, పది రోజులు ఆరిపోతుంది. మందుల షాపులో అడిగి ఐదు రోజులు మాత్రలు వాడితే తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. మీ ఇంట్లో ఇలాంటివారుంటే అది మామూలు పుండు అనుకోవద్దు. ఎముకకే ఇన్ఫెక్షన్ పట్టి ఉండొచ్చు. దీన్నే ఆస్టియోమైలైటిస్ అంటాం.

యాంటీబయాటిక్ రక్తం ద్వారానే ఎముకకు చేరాలి. చచ్చిన ఎముక ముక్కకు రక్తం అందదు, మందూ అందదు. పైగా రాడ్, ప్లేటు మీద సూక్ష్మజీవులు జిగట పొర కట్టుకుని అందులో దాక్కుంటాయి. అరకొరగా మాత్రలు మింగిన ప్రతిసారీ బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగులుతాయి. చర్మం చీలి ఎముక బయటపడిన గాయాలు, అదుపులో లేని షుగర్, పొగతాగడం ముప్పును పెంచుతాయి. షుగర్ ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గుతుంది కాబట్టి పుండు ఎముక దాకా దిగినా నొప్పి తెలియకపోవచ్చు.

రంధ్రం పైనుంచి దూదిపుల్లతో తీసిన చీము పరీక్ష తరచూ తప్పుదారి పట్టిస్తుంది. లోపలి ఎముక ముక్కనే కల్చర్‌కు పంపాలి. అందుకే జ్వరం, వణుకు లేకపోతే పరీక్షకు ముందు కొన్నాళ్లు మాత్రలు ఆపమంటాం. 'చీము కారుతుంటే మందు ఆపమంటాడేమిటి' అని కొందరు కోప్పడి వెళ్లిపోతుంటారు! అయితే మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

చచ్చిన ఎముకను ఆపరేషన్‌తో తీసేశాక సాధారణంగా ఆరు వారాలు మందు వాడాలి. అన్ని రోజులూ సెలైన్‌లోనే ఎక్కించుకోవాలా? అక్కర్లేదు. బ్రిటన్‌లో 1,054 మందిపై జరిపిన ఓవివా అధ్యయనం 2019లో వెలువడింది. మొదటి ఆరు వారాల్లో మాత్రలు వాడినవారి ఫలితాలు ఇంజెక్షన్ల వారికి తీసిపోలేదు. ఏడాదిలో చికిత్స విఫలమైనవారు రెండు వర్గాల్లోనూ నూటికి 13 నుంచి 15 మంది.

చిక్కల్లా ఇక్కడే. సూక్ష్మజీవి లొంగే మాత్ర ఉంటేనే ఈ వెసులుబాటు. ఎంఆర్ఎస్ఏ లాంటి మొండి రకమైతే కనీసం 8 వారాలు పట్టొచ్చు. వాంకోమైసిన్ ఇవ్వాల్సి వస్తే కిడ్నీల పరీక్షలు చేయిస్తూనే ఉండాలి. అప్పటికీ తగ్గక రాడ్ తీసేయాల్సిన సందర్భాలుంటాయి. షుగర్ పాదాల్లో ఒక్కోసారి వేలు తీసేయక తప్పదు.

డాక్టర్ దగ్గరకు వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, కల్చర్ రిపోర్టులు, ఇప్పటిదాకా మింగిన మాత్రల ఖాళీ షీట్లు సంచిలో వేసుకుని రండి. ఏ మందు ఎన్ని రోజులు వాడారో చీటీ మీద రాసి తెస్తే ఇంకా మంచిది.