మీకు తెలుసా? గోల్కొండ ఎరిగిన గుండెకోత

1974లో అమెరికన్ సోల్ గాయని మిల్లీ జాక్సన్ ‘కాట్ అప్’ రికార్డులో ఒకవైపు పెళ్లయిన మగవాడి ప్రియురాలి గొంతును, రెండోవైపు భార్య గొంతును వినిపించింది. ద్రోహాన్ని ఇలా పలు గొంతుల్లో పాడించే పనిని మూడొందల ఏళ్ల ముందే మన పదకర్త క్షేత్రయ్య చేశాడు. హైటెక్ సిటీకి పొరుగునే ఉన్న గోల్కొండ పాదుషాకు 1500 పదాలు వినిపించినట్టు ఆయన పేరున ఉన్న పదంలోనే లెక్క ఉంది. ఆయన పదాల్లో సంతకంలా ఉండే ముద్ర మువ్వగోపాలుడిదే. మాట్లాడేది మాత్రం ఒకచోట ఇల్లాలు, ఒకచోట పరకీయ, మరోచోట వేశ్య. రాత్రంతా వేరొకతె దగ్గర గడిపి తెల్లవారి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి, ఒంటిమీది గోటిగాట్లు చూపించి మరీ నిలదీసే ఆమెను అలంకారికులు ఖండిత అన్నారు.

ఇదంతా జీవాత్మ పరమాత్మల కథేనని కొందరంటారు. భక్తి లేదనలేం. కానీ సవతి ఊసు, సొమ్ము ఊసు అంత సూటిగా ఎత్తే మాటల్ని వట్టి సంకేతాలంటే ఆ స్త్రీల కోపాన్ని కాజేసినట్టే. వరస కూర్చిన ఆల్బమ్ కాదు కదా అంటే, నిజమే, ఇవి విడివిడి పదాలే. అయినా ఒకే నాయకుడు, ఒకే గాయం, మారే గొంతులు: కూర్పు అక్కడే ఉంది. మనకు మిగిలినవి కొన్ని వందలే. ఆఫీసు దారిలో ఒక్కటైనా తీరిగ్గా వినండి.