లాగౌట్ తరువాత కూడా వాతావరణ సమాచార సేకరణ ఆగకుండా ఉండాలంటే

పరిశోధన క్షేత్రాల్లోని స్వయంచాలిత వాతావరణ కేంద్రాల సమాచారాన్ని నమోదు చేసే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు విండోలు, బటన్లు, గ్రాఫులతో కూడిన గ్రాఫికల్ అనువర్తనాలే. కంప్యూటర్‌ను పలువురు పంచుకొనే ప్రయోగశాలలో సాయంత్రం ఎవరైనా లాగౌట్ చేస్తే యంత్రం నడుస్తూనే ఉన్నా ఆ అనువర్తనం మూతపడుతుంది. డేటాలాగర్‌కు సొంత మెమరీ ఉంటే మరునాడు ఆ లోటును పూరించుకోవచ్చు. సెన్సర్ రీడింగులను కంప్యూటరే నేరుగా నమోదు చేసే అమరికలో ఆ వీలు లేదు.

పట్టికలో ఖాళీగా కనిపించే నష్టం కొంత మేలు. సాయంత్రం 5 నుండి ఉదయం 10 గంటల వరకు సేకరణ ఆగితే తెల్లవారుజాము కనిష్ఠ ఉష్ణోగ్రత నమోదు కాదు, అయినా ఆ రోజుకు ఏదో ఒక కనిష్ఠ విలువ లభిస్తుంది. ఉదాహరణకు గరిష్ఠం 34, అసలు కనిష్ఠం 22, ఆధార ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ అయితే ఆ దినపు ఉష్ణ ప్రమాణం 18 డిగ్రీ-దినాలు. కనిష్ఠం 27గా నమోదైతే అది 20.5 అవుతుంది. పది రోజుల్లో 25 డిగ్రీ-దినాల దోషం చేరుతుంది. పంట దశల అంచనా ఆ మేరకు ముందుకు జరుగుతుంది. ఆకు తడి గంటల ఆధారంగా తెగుళ్ళ సూచన ఇచ్చేవారికి రాత్రి సమాచారమే ముఖ్యం కనుక నష్టం మరింత ఎక్కువ.

విండోస్‌లో ప్రతి వినియోగదారునికీ ఒక సెషన్ ఉంటుంది. అతడు తెరచిన అనువర్తనాలన్నీ దానికే చెందుతాయి, లాగౌట్‌తో సెషన్‌తోపాటు అంతరిస్తాయి. తెరను లాక్ చేసినా, రిమోట్ డెస్క్‌టాప్ నుండి కేవలం డిస్‌కనెక్ట్ అయినా సెషన్ నిలిచే ఉంటుంది. ఒక్కరే వాడే కంప్యూటర్‌కు ఈ జాగ్రత్త చాలు. అయితే విద్యుత్ అంతరాయం తరువాత యంత్రం తిరిగి మొదలైనప్పుడు ఎవరో ఒకరు లాగిన్ కావలసిందే.

శాశ్వత పరిష్కారం సర్వీసు. తయారీదారు సర్వీసు రూపాన్ని అందిస్తే దానినే ఎంచుకోవాలి, తక్కిన ఉపాయాలు దాని తరువాతే. అది లేనప్పుడు టాస్క్ షెడ్యూలర్‌లో యంత్రం ప్రారంభం కాగానే, వినియోగదారుడు లాగిన్ అయినా కాకున్నా నడిచేలా ఒక టాస్క్ ఏర్పరచవచ్చు. ఇక్కడ ముందే పెట్టి ఉన్న అమరికలు కొన్ని చిక్కు తెస్తాయి. 3 రోజులకు మించి నడిచే టాస్క్‌ను నిలిపివేయాలన్న గుర్తును తొలగించకపోతే నాలుగవ రోజున సేకరణ ఆగుతుంది. బ్యాటరీపై నడిచేటప్పుడు ఆపాలన్న గుర్తు అలాగే ఉంటే ల్యాప్‌టాప్‌లో కరెంటు పోగానే టాస్క్ ముగుస్తుంది. ఖాతా పాస్‌వర్డ్ మారితే టాస్క్‌లోనూ మార్చాలి.

విస్టా నుండి విండోస్ సర్వీసులు వినియోగదారులకు కనిపించని సున్నా సెషన్‌లో నడుస్తాయి. అక్కడ అనువర్తనం ఏదైనా హెచ్చరిక పెట్టెను తెరచి ‘సరే’ నొక్కమని అడిగితే నొక్కేవారుండరు, సేకరణ నిశ్శబ్దంగా నిలిచిపోతుంది. అందువల్ల నవీకరణ ప్రకటనలు, నిర్ధారణ ప్రశ్నలు ముందే నిలిపివేయాలి. సాఫ్ట్‌వేర్ అమరికలు చేసిన ఖాతా పేరుతోనే సర్వీసును నడపాలి, లేకుంటే ఆ అమరికలు దానికి అందకపోవచ్చు. వినియోగదారుడు అక్షరంతో జోడించుకొన్న నెట్‌వర్క్ డ్రైవ్ కూడా సర్వీసుకు కనిపించదు, సర్వర్ పేరుతో పూర్తి మార్గం ఇవ్వాలి. సీరియల్ పోర్టును ఒకసారికి ఒకే ప్రోగ్రాం తెరవగలదు. నేపథ్యంలో అనువర్తనం నడుస్తుండగా విద్యార్థి అదే అనువర్తనాన్ని తెరపై మరల తెరిస్తే, రెండవదానికి పోర్టు దొరకదు.

లినక్స్‌లో సమస్య మూలం వేరు. గ్రాఫికల్ అనువర్తనానికి డిస్‌ప్లే సర్వర్ అవసరం, లాగౌట్‌తో అది ముగుస్తుంది కనుక నోహప్ ఆదేశం ఒక్కటే ఫలించదు. ఎక్స్‌వీఎఫ్‌బీ అనే సర్వర్ భౌతిక తెర లేకుండా మెమరీలోనే తెరను కల్పిస్తుంది. దానిని, అనువర్తనాన్ని సిస్టమ్‌డీ సర్వీసులుగా వరుసలో ప్రారంభించాలి. వాటిని వినియోగదారుని సర్వీసులుగా ఉంచితే ఆ ఖాతాకు లింగర్ సౌకర్యం కల్పించాలి. వీఎన్‌సీ సర్వర్‌ను జతచేస్తే దాగిన ఆ తెరను అవసరమైనప్పుడు చూడవచ్చు. విండోస్ సున్నా సెషన్‌లో లేని వెసులుబాటు ఇది.

అమరిక పూర్తయ్యాక యంత్రాన్ని పునఃప్రారంభించి, ఎవరూ లాగిన్ కాకుండా ఒక రాత్రి వదలాలి. మరునాడు వేరొక కంప్యూటర్ నుండి ఫైలును తెరచి తెల్లవారుజామున 3, 4, 5 గంటల రీడింగులు ఉన్నాయో లేదో పరిశీలించాలి. టాస్క్ షెడ్యూలర్‌తో నడిపేవారు ఇదే పరిశీలనను నాలుగవ రోజు గడచాక మరొకసారి చేయాలి.