గోడ అవతల కొలత

చెన్నై తరమణిలో 2019లో అపోలోవారు ప్రోటాన్ చికిత్సా కేంద్రం తెరిచారు. మన బండి ఆత్మకూరు తల్లి ఎవరైనా బిడ్డకు క్యాన్సరని అక్కడికి వెళితే, “పిల్లోణ్ని ఒక్కణ్నే వదిలి అంతా బయటికొస్తారెందుకమ్మా?” అనే అడుగుతుంది.

ప్రోటాన్లు కంతి దగ్గరే ఆగిపోతాయి. ఆ మేలు గొప్పదే. కానీ యంత్రంలోని లోహానికీ, ఒంటికీ తగిలినచోట న్యూట్రాన్లు చెదురుతాయి. విద్యుదావేశం లేనివి, మామూలు మీటరుకు సరిగా చిక్కవు. అందుకని కొలిచే గొట్టానికి మందపాటి పాలిథిన్ తొడుగు వేస్తారు. గోళీకి గోళీ తగిలినట్టు అందులోని హైడ్రోజన్‌ను గుద్దుకుని న్యూట్రాన్ నెమ్మదిస్తుంది, అప్పుడు లెక్కకు దొరుకుతుంది.

ఇలా తలుపు దగ్గరా, కాంక్రీటు గోడ అవతలా కొలుస్తారు. బిడ్డకు కొన్ని వారాల వైద్యం. సిబ్బందికి ఏళ్ల తరబడి అదే కొలువు. బిడ్డకు అందే చెదురు మోతాదు చిన్నదే. అయినా నిండు జీవితం ముందున్న పసివాడు కదా, దాన్నీ లెక్కించాలి. బయటున్నవాళ్లు కెమెరాలో వాణ్ని చూస్తూనే ఉంటారు తల్లీ.