మూడు రోజులు దాటిన మౌనం

అల్లవరం మండలంలోని ఓడలరేవు వద్ద వైనతేయ పాయ బంగాళాఖాతంలో కలుస్తుంది. వశిష్ఠ గోదావరి నుంచి వేరుపడి వచ్చిన పాయ అది. వశిష్ఠ తన దారిన సాగి అంతర్వేది వద్ద సముద్రాన్ని చేరుతుంది. ఒకే కడుపున పుట్టి, వేర్వేరు ఇళ్ళకు కోడళ్ళుగా వెళ్ళే అక్కాచెల్లెళ్ళ జీవితమూ ఇటువంటిదే. దారులు వేరుకావడం సహజం. కానీ ఒక తల్లి బిడ్డల మధ్య మాటలే ఆగిపోతే?

ఆ తీరంలోని ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి లేడు. అక్క ఇంటిపని కోసం కువైట్ వెళ్ళింది. ఏళ్ళ తరబడి పరుల వంటింట్లో చెమటోడ్చి డబ్బు పంపింది. ఆ డబ్బుతోనే పాత పెంకుటిల్లు పోయి డాబా లేచింది. చెల్లెలు ఊళ్ళోనే ఉండి తల్లిని కనిపెట్టుకుంది. అమలాపురం ఆసుపత్రిలో రాత్రుళ్ళు జాగారం చేసింది. మంచం పట్టిన తల్లికి అన్నం కలిపి తినిపించింది. తల్లి కన్నుమూసింది. నలభై రోజులైనా గడవకముందే కొబ్బరితోట మాట వచ్చింది.

“ఈ ఇల్లు నా కష్టంతో కట్టింది” అన్నది అక్క.

“డబ్బు పంపావు ఆపా, కాదనను. అమ్మీ చివరి రాత్రి నువ్వెక్కడున్నావు?” అన్నది చెల్లెలు.

అంతే. రెండు ఈదులు గడిచిపోయాయి. పెళ్ళి విందులో ఇద్దరూ చెరో పంక్తిలో కూర్చున్నారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు మరచిపోతున్నారు. ఈ కుటుంబం కల్పితమే కావచ్చు. కానీ ఇది చదువుతుండగా మీ బంధువర్గంలో ఎవరో ఒకరు గుర్తుకు రాకుండా ఉండరు.

మొదట లెక్క తేల్చండి

ఈ తగాదాలో రెండు విషయాలు ముడిపడి ఉన్నాయి. ఒకటి ఆస్తి, రెండవది గుర్తింపు దక్కని సేవ. ఆస్తి పేరుతో సేవకు ధర కట్టమని ఇద్దరూ అడుగుతున్నారు. షరీఅత్ ఈ రెంటినీ విడదీస్తుంది.

ఆస్తి విషయం స్పష్టం. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు, మూడవ వంతు మించని వీలునామా తీరిన తరువాతే వారసుల వాటాలు మొదలవుతాయి. కుమారులు లేక ఇద్దరు కుమార్తెలున్నప్పుడు, వారిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులని సూరా అన్నిసా 11వ ఆయతు నిర్ణయించింది. పై కుటుంబంలో తొంభై సెంట్ల తోట ఉండి, అప్పూ వీలునామా లేకపోతే, అక్కకు ముప్పై, చెల్లెలికి ముప్పై సెంట్లు వస్తాయి. తల్లికి సొంత అన్నదమ్ముడు ఒకరు ఉంటే మిగిలిన ముప్పై ఆయనవి. పెద్దదనీ, చిన్నదనీ, దూరాన ఉన్నదనీ, దగ్గర ఉన్నదనీ కుమార్తెల వాటాలో తేడా లేదు. మన దేశంలో 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టం మొదట వ్యవసాయ భూమిని మినహాయించింది. 1949లో మద్రాసు రాష్ట్ర సవరణ ఆ మినహాయింపును తొలగించింది. కోనసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేది.

మరి అక్క పంపిన డబ్బు? అప్పుగా ఇస్తున్నానని ముందే మాట్లాడుకొని ఉంటే అది అప్పే. వాటాలకు ముందు తీర్చాలి. తల్లికి ప్రేమతో ఇచ్చి ఉంటే అది కానుక. ఇచ్చిన కానుకను వెనక్కి అడగడాన్ని దైవప్రవక్త (స) ఎంతో తీవ్రంగా నిరసించారు. చెల్లెలు చేసిన సేవకూ తోటలో అదనపు సెంటు రాదు. ఇద్దరి శ్రమకూ ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది. దానిని సెంట్లలో అడిగిన మనిషి తనకు రావలసిన దానిని తానే తగ్గించుకుంటున్నది.

తల్లిదండ్రులకూ ఇక్కడ ఒక బాధ్యత ఉంది. నోమాన్ బిన్ బషీర్ (రజి)కు ఆయన తండ్రి ప్రత్యేకంగా ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగతా పిల్లలకూ ఇలాగే ఇచ్చావా అని ఆయన (స) అడిగారు. లేదని తెలిసి, అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం పాటించమని బోధించారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అక్కాచెల్లెళ్ళ మధ్య ఎన్నో గోడలకు పునాది తల్లిదండ్రుల చేతులమీదుగానే పడుతుంది.

ఇద్దరి తీరు వేరు

హజ్రత్ అస్మా (రజి), హజ్రత్ ఆయిషా (రజి) ఇద్దరూ హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తెలు. తల్లులు వేరు. అస్మా కుమారుడు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) తన తల్లినీ, పినతల్లినీ మించిన దానశీలురైన స్త్రీలను చూడలేదని చెప్పినట్లు ఇమాం బుఖారీ ‘అల్ అదబుల్ ముఫ్రద్’లో నమోదు చేశారు. అయితే ఇద్దరి పద్ధతీ ఒకటి కాదు. ఆయిషా కొద్దికొద్దిగా కూడబెట్టి, ఆపైన పంచేవారు. అస్మా రేపటికంటూ ఏదీ అట్టిపెట్టుకునేవారు కాదు.

ఏ పద్ధతి గొప్పదని ఆ కుమారుడు తూకం వేయలేదు. డబ్బు పంపిన అక్క, అన్నం తినిపించిన చెల్లెలు ఇద్దరూ తల్లికి సేవ చేసినవారే. “నువ్వు లేకపోతే ఈ ఇల్లు లేదు ఆపా” అన్న ఒక్క మాట, “నువ్వు లేకపోతే అమ్మీకి దిక్కెవరు చెల్లీ” అన్న ఒక్క మాట ఎన్నో పంచాయితీల కన్నా ఎక్కువ పని చేస్తాయి.

ఖాలా ఇంటి తలుపు

ఈ అబ్దుల్లాహ్‌కూ, ఆయిషాకూ మధ్యనే ఒకసారి మాటలు ఆగిపోయాయి. ఆమె ప్రేమగా చూసుకున్న అక్క కొడుకు ఆయన. ఆమెకు ‘ఉమ్మె అబ్దుల్లాహ్’ అన్న పేరు వచ్చింది ఆయన మీదుగానే. ఆయిషా చేసిన ఒక విక్రయమో దానమో ఆయనకు నచ్చలేదు. ఆమె మానుకోకపోతే తానే కట్టడి చేస్తానని అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. ఇక అతనితో మాట్లాడనని ఆమె మొక్కుకున్నారు.

ఎడబాటు సాగింది. అబ్దుల్లాహ్ సిఫారసులు పంపారు, ఆమె ఒప్పుకోలేదు. చివరకు ఆయన మిస్వర్ (రజి), అబ్దుర్రహ్మాన్ అనే ఇద్దరు పెద్దలను ఆశ్రయించారు. వారు తమ దుప్పట్లలో ఆయనను కప్పుకొని ఆమె వాకిట నిలిచి లోనికి రావచ్చునా అని అడిగారు. రమ్మన్నారు. అందరమూనా అని అడిగారు. అందరూ రండి అన్నారామె. తమతో అబ్దుల్లాహ్ ఉన్నట్లు ఆమెకు తెలియదు. ఆయన తెర దాటి వెళ్ళి పినతల్లిని కౌగిలించుకొని ఏడ్చారు. ముస్లిం తన సోదరునితో మూడు రాత్రులకు మించి సంబంధం తెంచుకోవడం ధర్మసమ్మతం కాదన్న దైవప్రవక్త (స) బోధను ఆ ఇద్దరు పెద్దలూ ఆమెకు గుర్తుచేశారు. మొక్కు చాలా బరువైనదని ఆమె కూడా ఏడ్చారు. చివరకు మాట్లాడారు. ఆ మొక్కుకు పరిహారంగా నలభైమంది బానిసలకు విముక్తి కలిగించారు. తరువాత కూడా అది తలచుకొని కొంగు తడిసేలా విలపించేవారు. ఈ వృత్తాంతమంతా సహీహ్ బుఖారీలో ఉంది.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. ఎంత గొప్పవారి ఇంటనైనా మనస్తాపం కలుగుతుంది. మధ్యవర్తులు తీర్పరులుగా కూర్చోక, తలుపు తెరిపించే పని చేశారు. ఆపై, మాట నిలుపుకోవడం కన్నా బంధం నిలుపుకోవడానికే ఆ తల్లి ప్రాధాన్యమిచ్చారు.

పిల్లల మాటేమిటి?

తెలుగులో తల్లి అక్క పెద్దమ్మ, తల్లి చెల్లెలు చిన్నమ్మ. రెండు పిలుపుల్లోనూ అమ్మ ఉంది. ఖాలా తల్లితో సమానమని దైవప్రవక్త (స) కూడా ప్రకటించారు. అమరవీరులైన హంజా (రజి) కుమార్తెను ఎవరు పెంచాలన్న ప్రశ్న హిజ్రీ 7లో వచ్చినప్పుడు, జాఫర్ (రజి) భార్య ఆ పాపకు ఖాలా అయినందున ఆయన ఇంటికే అప్పగించారు. అక్కాచెల్లెళ్ళు మాటలు మానుకుంటే, ఇరువైపులా పిల్లలు తల్లి వంటి మనిషిని కోల్పోతారు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళను ఏకకాలంలో ఒకరికి భార్యలుగా ఉండనివ్వని ఆజ్ఞ (4:23)లోనూ, ఈ బంధం అసూయకు బలికారాదన్న వివేకాన్ని పండితులు చూశారు.

తొలి సలాం

ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరిలో ముందుగా సలాం చెప్పినవారే ఉత్తములని హదీసు. సాయానికి సాయం చేసేవారి కన్నా, తెగిన బంధుత్వాన్ని కలిపేవారే నిజంగా బంధుత్వాన్ని నిలిపినవారని మరో హదీసు. కనుక తప్పెవరిదన్న విచారణ తేలేవరకు ఆగనవసరం లేదు. లెక్కలు ఆలిముల ముందో, న్యాయవాది ముందో నెమ్మదిగా తేల్చుకోవచ్చు. సలాం మాత్రం ఈరోజే చెప్పాలి.

మధ్యలో ఉన్న మేనమామలు, వదినలు, ఇరుగుపొరుగువారు ఒక జాగ్రత్త పాటించాలి. ఒకరి కోపాన్ని మరొకరి ఇంటికి మోయకండి. ఒకరు మరొకరి గురించి ఎప్పుడైనా ఒక మంచి మాట అని ఉంటే దానిని మోయండి. సంధి కోసం మంచి మాట చేరవేసేవారు అబద్ధీకులు కారని దైవప్రవక్త (స) సెలవిచ్చారు.

సోదరీ! ఈ పుట ముగిసేలోగా ఒక పేరు మీ మనసులో మెదిలి ఉంటే, ఫోను చేతిలోకి తీసుకోండి. తోట గురించి, ఇంటి గురించి ఏమీ చెప్పకండి. ఆపా, ఎలా ఉన్నావని అడగండి. మీ తల్లి బ్రతికి ఉంటే వినాలని కోరుకునే మాట అదే.

తెగిన బంధాలను కలిపే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.