తనఖా రుణాల వసూలు హక్కు: విలువ కట్టే తీరు, ఖాతా రాసే తీరు

నూజివీడు: ఈ ప్రాంతంలో మామిడి తోటను పూత మీద కొనే వర్తకుడు నేలను కొనడు, చెట్టునూ కొనడు. ఒక ఏడాదికో, రెండు మూడేళ్లకో కాపును మాత్రం కొంటాడు. బంగినపల్లి ఎంత, చిన్నరసం ఎంత, కలెక్టరు ఎంత దిగుతుందో అంచనా వేస్తాడు. మందులు, కాపలా, కోత కూలి, నున్న మార్కెట్టుకు లారీ కిరాయి, కమీషను మినహాయిస్తాడు. గాలివానకు రాలే కాయకు కొంత తగ్గిస్తాడు. ముందుగా పెట్టే సొమ్ముకు వడ్డీ కూడా తీసివేసి అప్పుడు రైతుకు ధర చెపుతాడు.

ఇళ్లు, దుకాణాలు, గోదాములు తనఖా పట్టి అప్పులిచ్చే సంస్థల పుస్తకాల్లో ‘సర్వీసింగు హక్కు’ అనే పద్దు ఉంటుంది. దానికి విలువ కట్టే లెక్క కూడా ఇటువంటిదే. సీజను పెట్టుబడికి ఇల్లు తనఖా పెట్టే వర్తకులకు, ఫైనాన్సు కంపెనీల షేర్లు కొని అమ్మే బ్రోకర్లకు ఈ లెక్క తెలిసి ఉండడం అవసరం.

హక్కు ఎలా పుడుతుంది

అప్పు ఇచ్చిన కంపెనీ ఆ అప్పును చివరిదాకా తన వద్దనే ఉంచుకోవాలని లేదు. కొన్ని వందల రుణాలను ఒక కట్టగా కట్టి బ్యాంకుకు బదిలీ చేయవచ్చు. లేదా ఒక ట్రస్టుకు అమ్మితే ఆ ట్రస్టు వాటిపై పత్రాలు జారీ చేస్తుంది. మన దేశంలో గృహ రుణాలపై ఇటువంటి పత్రాలను 2000 సంవత్సరంలో నేషనల్ హౌసింగ్ బ్యాంకు హెచ్‌డీఎఫ్‌సీ, ఎల్ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ సంస్థల రుణాలతో ప్రారంభించింది.

అప్పు చేతులు మారినా బాకీదారుకు సాధారణంగా తేడా కనిపించదు. వాయిదా వసూలు చేయడం, రశీదు ఇవ్వడం, ఖాతా రాయడం, బకాయి పడితే నోటీసు పంపడం, దస్తావేజులు భద్రపరచడం పాత కంపెనీయే చేస్తుంటుంది. ఈ పనికి అప్పు కొన్నవారు రుసుము చెల్లిస్తారు. ఆ రుసుము పనికి అయ్యే ఖర్చు కంటె ఎక్కువైతే మిగులు వస్తుంది. రాబోయే ఏళ్ల మిగులుకు ఈనాడు కట్టే ధరే సర్వీసింగు హక్కు విలువ.

ఈ హక్కుకు పెద్ద మార్కెట్టు ఉన్నది అమెరికాలో. అక్కడ ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థలు కొనే స్థిర వడ్డీ గృహ రుణాలపై మామూలుగా నూటికి పావలా రుసుము. మన వర్తకులు వడ్డీ చెప్పుకునేట్లు ఇది నెలకు కాదు, ఏడాదికి. పావలా చిన్న మొత్తంగా కనిపించినా రుణాల కట్ట పెద్దదైతే హక్కును కొని అమ్మేవారు కూడా ఉంటారు.

లెక్క

ఉదాహరణకు సగటున 10 కోట్ల రూపాయల నిల్వతో మొదలయ్యే రుణాల కట్టను తీసుకుందాం. నిల్వ ఏటా 2 కోట్ల వంతున తగ్గి అయిదేళ్లలో ముగుస్తుందని అనుకుందాం. రుసుము నూటికి 25 పైసలు, ఖర్చు నూటికి 10 పైసలు. మొదటి ఏడు రుసుము రెండున్నర లక్షలు, ఖర్చు లక్ష, మిగులు లక్షన్నర. తరువాతి ఏళ్ల మిగులు వరుసగా 1 లక్షా 20 వేలు, 90 వేలు, 60 వేలు, 30 వేలు. మొత్తం నాలుగున్నర లక్షలు.

కాని అయిదేళ్లలో చేతికి వచ్చే సొమ్ముకు ఈనాడు పూర్తి ధర కట్టరు. ఏటా నూటికి 12 వంతున వడ్డీ విరిస్తే దాని నేటి విలువ సుమారు 3 లక్షల 49 వేలు.

ఇప్పుడు బాకీదారులు తొందరపడి అప్పులు తీర్చివేశారనుకుందాం. నిల్వ 10, 6, 3, 1 కోట్లుగా తగ్గి నాలుగేళ్లలో కట్ట ముగిసింది. మొత్తం మిగులు 3 లక్షలకు, నేటి విలువ సుమారు 2 లక్షల 47 వేలకు దిగుతుంది. ఒక్క రుణం కూడా మొండిబాకీ కాలేదు. అందరూ అణాపైసలతో చెల్లించారు. అయినా హక్కు విలువ నూటికి 29 వంతులు పోయింది. మూడేళ్ల కాపు కొన్న వర్తకుడికి రెండో ఏడే తోట కొట్టివేసినట్లు అన్న మాట.

వడ్డీ రేటుతో సంబంధం

మామూలుగా వడ్డీ రేట్లు తగ్గితే బాండ్ల ధర పెరుగుతుంది. సర్వీసింగు హక్కు దీనికి ఎదురు నడుస్తుంది. రేటు తగ్గితే బాకీదారు కొత్త అప్పు తెచ్చి పాతది తీరుస్తాడు, దానితో హక్కు కరిగిపోతుంది. అమెరికాలో 30 ఏళ్ల గృహ రుణంపై సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి పడిపోయి, 2022 అక్టోబరు చివరికి 7 శాతం దాటింది. రేట్లు పడిన కాలంలో పాత హక్కుల విలువ తరిగింది. పెరిగిన కాలంలో చౌక వడ్డీ రుణాన్ని ఎవరూ వదులుకోకపోవడంతో హక్కులకు గిరాకీ వచ్చింది.

మన దేశంలో గృహ రుణాలు ఎక్కువగా మారే వడ్డీ మీదనే నడుస్తున్నాయి. రెపో తగ్గినపుడు పాత రుణం వడ్డీ కూడా తగ్గుతుంది కనుక పారిపోయే వత్తిడి కొంత తక్కువ. అయితే మారే వడ్డీ గృహ రుణాలను ముందుగా తీర్చేవారిపై బ్యాంకులు అపరాధ రుసుము వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించింది. వ్యాపార అవసరాలకు వ్యక్తులు తీసుకునే మారే వడ్డీ రుణాలకు కూడా, 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే వాటికి, ఈ రక్షణ విస్తరించింది. బాకీదారుకు ఇది మేలు. హక్కు పట్టుకున్న కంపెనీకి మాత్రం అంచనా కష్టమైంది.

ఖాతాలో ఎలా రాస్తారు

అమెరికా లెక్కల ప్రమాణాల్లో 1995 నుంచి సొంతంగా ఇచ్చిన రుణాలపై హక్కును కూడా ఆస్తిగా చూపవలసి వచ్చింది. 2006 నుంచి రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవచ్చు.

మొదటిది, మిగులు వచ్చే నిష్పత్తిలో ఆస్తిని ఏటా కొంత కొట్టివేయడం. పై ఉదాహరణలో మొదటి ఏడు మిగులు మొత్తంలో మూడో వంతు. కనుక 3 లక్షల 49 వేలలో 1 లక్షా 16 వేలు ఖర్చు రాస్తే 2 లక్షల 33 వేలు నిలుస్తాయి. రుణాలు త్వరగా తీరుతున్నాయని అప్పటికి తేలితే మిగిలిన ఏళ్ల విలువ సుమారు 1 లక్షా 27 వేలే. తేడా 1 లక్షా 6 వేలను కూడా నష్టం రాయాలి. రెండవది, ప్రతిసారీ మార్కెట్టు విలువకే ఆస్తిని తెచ్చి హెచ్చుతగ్గులను నేరుగా లాభనష్టాల్లో చూపడం. మొదటి పద్ధతిలో విలువ పెరిగినా మొదట నిలిచిన లెక్కకు మించి రాయరాదు. రెండవ పద్ధతిలో రాయవచ్చు.

మన దేశంలో పెద్ద ఫైనాన్సు కంపెనీలకు 2018 ఏప్రిల్ 1 నుంచి ‘ఇండ్ ఏఎస్ 109’ ప్రమాణం వర్తించింది. రుణాన్ని పూర్తిగా పుస్తకాల నుంచి తీసివేసి వసూలు పని మాత్రం ఉంచుకుంటే, రుసుము పనికి సరిపోయే దానికంటె ఎక్కువైనపుడు ఆస్తి, చాలనపుడు అప్పు రాయాలి. బ్యాంకులకు ఈ ప్రమాణాల అమలును రిజర్వు బ్యాంకు 2019 మార్చిలో వాయిదా వేసింది.

రాబోయే సొమ్మును ముందే లాభంగా చూపడంలో ప్రమాదాన్ని రిజర్వు బ్యాంకు గుర్తించకపోలేదు. 2006 నిబంధనల్లో రుణాల కట్ట అమ్మిన లాభాన్ని పత్రాల కాలం పొడుగునా పంచి రాయమన్నది. 2021 సెప్టెంబరు ఆదేశాల్లో అమ్మకపు లాభాన్ని అదే ఏడు చూపవచ్చునన్నది, కాని చేతికి రాని లాభాన్ని మూలధనం లెక్కలోంచి మినహాయించాలన్నది. ఫైనాన్సు కంపెనీ లాభం ఒక్క త్రైమాసికంలో ఎగిరినపుడు, అందులో వచ్చిన సొమ్మెంత, రావలసినదెంత అని బ్రోకరు చూడవలసింది ఇక్కడనే.

మామిడి సీమలో ఖర్చు

ఈ లెక్కలో తేలికగా తప్పేది ఖర్చు పద్దు. వాయిదా నెలనెలా కట్టాలి. మామిడి సొమ్ము మార్చి చివరి నుంచి జూన్ దాకా వస్తుంది. కనుక వర్షాకాలంలో బకాయిలు, వాటితో పాటు వసూలుదారుల తిరుగుడు పెరిగే వీలున్నది. 5 లక్షల రుణంపై నూటికి పావలా అంటే ఏడాదికి 1,250 రూపాయలు. ఒక్కొక్క పర్యాయానికి 300 రూపాయల వంతున నాలుగుసార్లు మనిషిని పంపితే 1,200 పోయినట్లే. అయిదోసారి పంపితే ఆస్తి అనుకున్నది అప్పు పద్దులోకి మారుతుంది.

తనఖా స్వభావం కూడా ముఖ్యం. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం ఇల్లు, గోదాము అయితే కోర్టు తీర్పు కోసం ఆగకుండా స్వాధీనానికి పూనుకోవచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. తోట మీద ఇచ్చిన అప్పు మొండికేస్తే మామూలు న్యాయమార్గమే గతి. రెండు రుణాల కట్టలకు ఒకే ఖర్చు వేసి హక్కుకు విలువ కడితే ఆ విలువ నిలవదు.

అప్పు తీసుకున్న వర్తకుడు చూసుకోవలసినవి వేరు. రుణం బదిలీ అయిందా, వాయిదా ఎవరి ఖాతాలో పడుతున్నదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ప్రతి చెల్లింపుకూ రశీదు ఉంచుకోవాలి. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, రుణసంస్థ కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల వంతున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. అది ఆ ఏడు డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అప్పు ఎన్ని చేతులు మారినా ఇంటి దస్తావేజు ఎవరి బీరువాలో ఉన్నదో వర్తకుడికి తెలిసి ఉండాలి.