వార్తల్లో పదం: క్రాల్ స్పేస్

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఇల్లు కడితే పునాది లేపి, లోపల గరుసు నింపి, దిమ్మిస కొట్టి, పైన నాపరాయి పరుస్తాం. నేల కింద ఖాళీ ఉండదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇల్లు కొనే మన పిల్లలకు చాలాచోట్ల చెక్క నేల కింద రెండు మూడడుగుల బోలు కనిపిస్తుంది. పాక్కుంటూ వెళ్లాల్సిందే, క్రాల్ స్పేస్ అన్న పేరు అందుకే వచ్చింది.

దాన్ని తెరిచి ఉంచాలా, మూసేయాలా?

పాత పద్ధతి తెరిచి ఉంచడమే: 150 చదరపు అడుగుల నేలకు ఒక చదరపు అడుగు గాలిరంధ్రం. గాలి ఆడితే తడి ఆరుతుందని నమ్మకం. వానాకాలంలో శ్రీశైలంలో చల్లటి నీళ్ల చెంబు అరుగు మీద పెట్టి చూడండి, కాసేపట్లో బయటంతా చెమట పడుతుంది. నార్త్ కరోలినా వేసవిలోనూ అంతే. ఉక్కగాలి లోపలికొచ్చి, ఏసీ గొట్టాలను తాకి నీరవుతుంది. దూలాలకు బూజు పడుతుంది, చెక్క మెత్తబడుతుంది.

మూసే పద్ధతిలో మట్టిమీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, గోడల మీదికీ ఎక్కించి, అతుకులు అంటించి, రంధ్రాలు మూసి, తేమ లాగే యంత్రం పెడతారు. అదే రాష్ట్రంలోని ప్రిన్స్‌విల్‌లో అడ్వాన్స్‌డ్ ఎనర్జీ సంస్థ 12 ఇళ్లను పరిశీలించింది. మూసినవి పొడిగా ఉన్నాయి, ఇంటిని చల్లబరిచే, వెచ్చబరిచే ఖర్చులో దాదాపు 15 శాతం మిగిలింది.

ఉక్కపోసే ఊళ్లో మూయడమే మేలంటాను. కానీ వాననీరు లోపలికి దిగుతుంటే ముందు అది ఆపాలి. రాడాన్ వాయువు పరీక్ష చేయించాలి. గోడ పైభాగాన మూడంగుళాలు షీటు లేకుండా వదలమని చెప్పండి. చెదలు మట్టిదారి కడితే అక్కడే కనబడుతుంది.